సైకిల్ మూలన పడ్డ నెలల్లో ఒంట్లో ఏం తగ్గుతుంది, ఏం మిగులుతుంది

సైకిల్ తొక్కేవారికి విరామకాలం మన దేశంలో అందరికీ ఒకేసారి రాదు. ఢిల్లీ చుట్టుపక్కల దీపావళి తర్వాత కమ్మే పొగ, లడఖ్‌లో చలికాలపు మంచు, కొంకణ తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వాన సైకిళ్లను ఇంట్లో కూర్చోబెడతాయి. తెలుగు నేల మీద ఇది రెండు విడతలుగా వస్తుంది. రోహిణీ కార్తె ఎండలకు ఒకసారి, ఆ తర్వాత ముసురు పట్టినప్పుడు మరోసారి. రోడ్లు ఆరి, తెల్లవారుజాము గాలి చల్లబడేసరికి అక్టోబరు చివరికొస్తుంది. అసలు సీజన్ మొదలయ్యేది అప్పుడే.

ఆ సీజన్‌లో ఎదురయ్యే పరీక్షలు చిన్నవి కావు. బ్రెవెలు అనే దూరప్రయాణాల్లో 200 కిలోమీటర్లను 13న్నర గంటల్లో, 300ను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో ముగించాలి. తిండికి, నిద్రకు, పంక్చరుకు పట్టే సమయం కూడా అందులోదే. 2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్ లాంటి యాత్రలు ఘాట్ రోడ్లెక్కిస్తాయి. రెండు మూడు నెలలు సైకిల్ ముట్టనివారు మళ్లీ రోడ్డెక్కిన మొదటి రోజు, ఒకప్పుడు గమనించను కూడా గమనించని ఫ్లైఓవర్ మీద రొప్పుతారు. కొందరు అంతా పోయిందని నిరుత్సాహపడతారు. కొందరు పోయింది వారంలో రాబట్టాలని పంతం పట్టి మోకాలు నొప్పి తెచ్చుకుంటారు.

ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. ఫిట్‌నెస్ అని మనం ఒక్క మాటతో పిలిచేది నిజానికి ఐదారు వేర్వేరు మార్పుల మూట. అవి వచ్చే వేగాలు వేరు, పోయే వేగాలు వేరు. ఏది ఎప్పుడు పోతుందో తెలిస్తే, విరామంలో దేన్ని కాపాడుకోవాలో, దేన్ని వదిలేసినా ఫరవాలేదో తేలుతుంది.

ముందుగా తగ్గేది రక్తంలోని నీరు

ఓర్పు పెంచే సాధన మొదలుపెట్టిన కొద్ది రోజులకే శరీరం రక్తపు ద్రవభాగమైన ప్లాస్మాను పెంచుకుంటుంది. రక్తం ఎక్కువైతే గుండెకు తిరిగివచ్చే రక్తమూ పెరుగుతుంది. గుండె గదులు మరింత నిండి, ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని చిమ్ముతాయి. సాధన ఉన్నవారి నాడి అదే వేగంలో తొక్కుతున్నా నెమ్మదిగా కొట్టుకోవడానికి ఇది ముఖ్యమైన కారణం. కానీ ఈ అదనపు ద్రవాన్ని శరీరం అవసరం ఉన్నంతవరకే ఉంచుకుంటుంది. సాధన ఆగితే కొద్ది రోజుల్లోనే వదిలించుకుంటుంది.

అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాయిల్, ఆయన సహచరులు 1986లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా తేల్చింది. బాగా సాధన చేసినవారిని రెండు నుంచి నాలుగు వారాల పాటు వ్యాయామం మాన్పించి చూశారు. రక్త పరిమాణం సుమారు 9 శాతం, ఒక్కో స్పందనకు గుండె చిమ్మే రక్తం సుమారు 12 శాతం తగ్గాయి. ఇక్కడితో ఆగి ఉంటే గుండె బలహీనపడిందనే అనుకునేవారు. వారు అక్కడ ఆగలేదు. తగ్గిన మేరకు ద్రవాన్ని రక్తనాళంలోకి ఎక్కించి మళ్లీ సైకిల్ తొక్కించారు. గుండె చిమ్మే రక్తం దాదాపు పాత స్థాయికి చేరుకుంది. అంటే ఆ రెండు మూడు వారాల్లో గుండె కండరం చెక్కుచెదరలేదు. దానికి అందే రక్తమే తగ్గింది.

విరామం తర్వాత మొదటి రోజు ఫ్లైఓవర్ మీద పడే ఆయాసంలో పెద్ద వాటా ఈ నీటిదే. అది ఎంత తొందరగా పోతుందో అంత తొందరగా తిరిగొస్తుంది కూడా. సాధన మళ్లీ మొదలైతే వారం, రెండు వారాల్లో ప్లాస్మా పుంజుకుంటుంది. కాబట్టి మొదటి రోజు నాడి చూసి బెంబేలెత్తాల్సిన పని లేదు.

కండరం అంత తొందరగా మరచిపోదు

విరామం నెల దాటితే లెక్క మారుతుంది. కాయిల్ బృందమే 1984లో మరో పరిశోధన ప్రచురించింది. బాగా సాధన చేసిన ఏడుగురు 84 రోజుల పాటు అన్నీ మానేశారు. శరీరం నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ మొదటి 21 రోజుల్లో 7 శాతం పడిపోయింది. 56వ రోజు నాటికి తగ్గుదల 16 శాతానికి చేరి, అక్కడ నిలిచిపోయింది.

కండరంలో జరిగింది ఇంకా ఆసక్తికరం. కొవ్వును, పిండిపదార్థాన్ని ఆక్సిజన్‌తో మండించి శక్తి తీసేవి కండర కణాల్లోని మైటోకాండ్రియా. వాటిలోని ముఖ్యమైన ఎంజైముల చురుకుదనం ఆ మూడు నెలల్లో దాదాపు 40 శాతం తగ్గింది. అయినా ఎన్నడూ సాధన చేయనివారి కంటే అది ఇంకా 50 శాతం ఎక్కువగానే ఉంది. కండర పోగుల చుట్టూ అల్లుకున్న రక్తకేశనాళికలు మాత్రం అసలు తగ్గలేదు. ఏళ్ల తరబడి తొక్కినవారు మూడు నెలలు ఆగినా కొత్తగా మొదలుపెట్టినవారితో సమానం కాకపోవడానికి కారణం ఇదే. నీళ్లు తగ్గినా కాలువలు పూడిపోలేదు.

ఏడుగురి మీద చేసిన ప్రయోగంతో అందరి సంగతీ తేలుతుందా అన్న సందేహం సహజమే. అంకెలు మనిషికీ మనిషికీ మారతాయి. ఆరు నెలలుగా మాత్రమే తొక్కుతున్నవారికి, పదేళ్లుగా తొక్కుతున్నవారికి తగ్గుదల ఒకేలా ఉండదు. కానీ వరుస మాత్రం తర్వాతి పరిశోధనల్లోనూ దాదాపు ఇలాగే కనిపిస్తూ వచ్చింది: ముందు రక్తం, తర్వాత మైటోకాండ్రియా, చివరికి కేశనాళికలు.

గంటలు తగ్గించవచ్చు, తీవ్రతను కాదు

పూర్తిగా మానకుండా, తక్కువ ఖర్చుతో ఉన్నది నిలబెట్టుకోవడం ఎలా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి ఇప్పటికీ అందరూ ఉదహరించే జవాబు 1980లలో రాబర్ట్ హిక్సన్ చేసిన మూడు ప్రయోగాల నుంచి వచ్చింది. ఆయన కొందరికి పది వారాల పాటు వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున సైకిలు, పరుగు కలిపి గట్టి సాధన ఇచ్చారు. ఆ తర్వాత 15 వారాలు, ఒక్కో ప్రయోగంలో ఒక్కో అంశాన్ని మాత్రమే తగ్గించారు.

మొదటి దాంట్లో రోజులు తగ్గించారు. ఆరు రోజులు కాస్తా నాలుగో, రెండో అయ్యాయి. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం నిలబడింది. రెండో దాంట్లో సమయం తగ్గించారు, 40 నిమిషాలను 26కో, 13కో. అదీ నిలబడింది. కాకపోతే 13 నిమిషాల బృందంలో చాలాసేపు సాగే ఓర్పు కొంత దెబ్బతింది. మూడో దాంట్లో రోజులూ సమయమూ అలాగే ఉంచి తీవ్రతను మూడో వంతు, లేదా మూడింట రెండు వంతులు తగ్గించారు. ఈసారి నిలబడలేదు.

మామూలుగా మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. విరామంలో చాలామంది అప్పుడప్పుడు ఓ గంట తీరిగ్గా తొక్కి, సాధన వదల్లేదని తృప్తి పడతారు. తీరిగ్గా తొక్కడంలో తప్పేమీ లేదు, మనసుకు మంచిదే. కానీ గుండెకు గట్టి పని అందకపోతే అది నిన్నటి సామర్థ్యాన్ని ఉంచుకోవడానికి కారణం కనిపించదు.

నార్వేలో బెంట్ రోన్నెస్టాడ్ బృందం 2014లో ఇదే విషయాన్ని నేరుగా సైక్లిస్టుల మీద పరీక్షించింది. సీజన్ ముగిశాక ఎనిమిది వారాల పాటు ఒక బృందం తేలికపాటి సాధనకే పరిమితమైంది. మరో బృందం అందులోనే వారం, పది రోజులకొకసారి ఒక్క తీవ్ర సాధన చేర్చుకుంది. కొత్త సీజన్ సన్నాహం మొదలయ్యాక రెండో బృందమే ముందుంది. వారానికి ఒక గంట పెట్టుబడికి ఇంతకంటే మంచి ప్రతిఫలం దొరకడం కష్టం.

తీవ్రత అంటే ఎంత అని కొలవడానికి ఖరీదైన పవర్ మీటర్ ఉంటే మంచిదే, లేకున్నా పని నడుస్తుంది. పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే తేలిక. రెండు మూడు మాటలకే ఊపిరి అందక ఆగాల్సి వస్తే తీవ్రం. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కే దాకా తొక్కి, ఆపైన నాలుగేసి నిమిషాల చొప్పున నాలుగైదు విడతలు అలా మాట పెగలనంత గట్టిగా, మధ్యలో మూడు నిమిషాలు మెల్లగా తొక్కితే ఒక తీవ్ర సాధన అవుతుంది. నలభై దాటినవారు, మధుమేహమో రక్తపోటో ఉన్నవారు, ఎప్పుడైనా ఛాతీలో పట్టేసినట్టు అనిపించినవారు ఇందులోకి దిగేముందు వైద్యుణ్ణి అడగాలి.

సీజన్ ముగియగానే రెండు వారాలు పూర్తిగా విశ్రమించడానికి మాత్రం ఎవరూ భయపడక్కర్లేదు. ఆ రెండు వారాల్లో పోయేది ఎక్కువగా నీరేనని ఈపాటికి తేలింది. స్నాయువుల్లో పేరుకున్న చిన్న చిన్న గాయాలకు, అలారం మోతకు విసిగిన మనసుకు ఆ విరామం కావాలి.

గదిలో తొక్కితే పట్టే చెమట

వానలో తడి రోడ్డు, నీళ్ల కింద కనిపించని గుంత సైక్లిస్టుకు ప్రమాదం. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ దారికి సౌర ఫలకాల పైకప్పు ఉంది కాబట్టి ఆ దగ్గరలో ఉన్నవారికి కొంత వెసులుబాటు. మిగతావారికి ఇంట్లో వెనుక చక్రాన్ని బిగించి తొక్కే ఇండోర్ ట్రైనరో, జిమ్‌లోని సైకిలో దిక్కు. అక్కడ ఎదురయ్యే చిక్కు వేరు. రోడ్డు మీద 150 వాట్లతో హాయిగా తొక్కేవారు గదిలో అదే 150 వాట్లకు ఇరవై నిమిషాల్లో వాడిపోతారు. ఇది బద్ధకం కాదు, భౌతికశాస్త్రం.

మనిషి శరీరం తిన్న శక్తిలో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు మాత్రమే పెడల్‌కు చేరుతుంది. మిగతాదంతా వేడి. ఐదో వంతు లెక్కన పెడల్ మీద 150 వాట్లు రావాలంటే శరీరం 750 వాట్లు ఖర్చుపెట్టాలి. 600 వాట్లు వేడిగా బయటపడాలి. పాతకాలపు అరవై వాట్ల బల్బులు పది ఒంట్లో వెలుగుతున్నట్టు ఊహించుకోవచ్చు. గంటకు ఈ వేడి 2,160 కిలోజౌళ్లు. ఒక లీటరు చెమట ఆవిరైతే తీసుకుపోయేది సుమారు 2,400 కిలోజౌళ్లు. అంటే వేడంతా చెమట ద్వారానే పోవాల్సి వస్తే గంటకు దాదాపు 900 మిల్లీలీటర్లు ఆవిరి కావాలి. కారడం కాదు, ఆవిరి కావాలి. నేల మీద బొట్లుగా పడిన చెమట ఒంటిని ఏమాత్రం చల్లబరచదు.

రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అంత వేగంతోనే గాలి చర్మాన్ని తాకి తేమను లాగేస్తుంది. గదిలో ఆ గాలి లేదు. పైగా శ్రావణ మాసపు గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. చల్లబడటానికి శరీరం రక్తాన్ని చర్మానికి మళ్లిస్తుంది, కండరానికి పంపే రక్తం కోసం గుండె మరింత వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. వాట్లు మారకుండానే నాడి నిమిషం నిమిషానికీ ఎగబాకుతుంది. కాబట్టి ట్రైనర్‌కు ముందుగా కావాల్సిన పరికరం ఎదురుగా ఒక గట్టి ఫ్యాను, వీలైతే రెండు. తెరిచిన కిటికీ మంచిది. ఎండాకాలం ఆదుకునే ఎయిర్ కూలర్ వానాకాలంలో పనికిరాదు, అది గదిలో తేమను ఇంకా పెంచుతుంది. ఒక గంట మించి గదిలో తొక్కాలని పట్టుబట్టడం కంటే నలభై నిమిషాల్లో తీవ్ర సాధన ముగించడమే మేలు. హిక్సన్ ప్రయోగాలు చెప్పిందీ అదే కదా.

బస్కీలకు ఇదే అదను

సైక్లిస్టులు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది, విరామకాలం బాగా అనువైనది బలసాధన. మామూలుగా వచ్చే అభ్యంతరం, కాళ్లు బరువెక్కితే కొండ ఎక్కలేమని. రోన్నెస్టాడ్ బృందమే 2010 ప్రాంతంలో దీన్ని పరిశీలించింది. సైకిల్ సాధనతో పాటు పన్నెండు వారాలు, వారానికి రెండుసార్లు కాళ్లకు భారీ బరువులతో వ్యాయామం చేసి, సీజన్ మొదలయ్యాక వారానికి ఒక్కసారికి తగ్గించినవారు కేవలం సైకిల్ తొక్కినవారి కంటే మెరుగుపడ్డారు.

దీని వెనుక తర్కం సులువే. 200 కిలోమీటర్ల బ్రెవెలో పది గంటలు పెడల్ తిప్పారనుకుందాం. నిమిషానికి 75 చుట్ల చొప్పున ఒక్కో కాలు 45,000 సార్లు తొక్కుతుంది. కాలి గరిష్ఠ బలం పెరిగితే ఆ ప్రతి తోపూ గరిష్ఠంలో ఇంకాస్త చిన్న భాగమవుతుంది. తొందరగా అలిసిపోయే కండర పోగులను శరీరం ఆలస్యంగా రంగంలోకి దింపుతుంది. తేడా ఎనిమిదో గంటలో తెలుస్తుంది.

జిమ్ అందుబాటులో ఉంటే బరువులతో బస్కీలు, ఒంటికాలి లెగ్ ప్రెస్, మడమలెత్తడం సరిపోతాయి. లేకపోతే బియ్యం బస్తా భుజాన వేసుకుని బస్కీలు తీయడం, ఒంటికాలితో మెట్టెక్కి దిగడం మొదటి నెలకు చాలు. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసినవారికి ఇదంతా కొత్తగా కనిపించదు. అయితే వందలకొద్దీ తీయడం వేరు, పది లోపే తీయగలిగేంత బరువుతో తీయడం వేరు. ఇక్కడ కావాల్సింది రెండోది. పద్ధతి తెలిసినవారి దగ్గర నేర్చుకున్నాకే బరువు పెంచాలి.

బలసాధనకు వేగంతో సంబంధం లేని మరో కారణం కూడా ఉంది. ఎముక తన మీద పడే దెబ్బను, బరువును బట్టి గట్టిపడుతుంది. సైకిల్ మీద శరీర బరువును సీటు మోస్తుంది. గుండెకు, ఊపిరితిత్తులకు అంత మేలు చేసే ఈ ఆట ఎముకకు దాదాపు ఏమీ ఇవ్వదు. ఏళ్ల తరబడి రోడ్డు సైక్లింగ్ చేసేవారి నడుము వెన్నుపూసల్లో ఎముక సాంద్రత తక్కువగా ఉండటం పలు పరిశోధనల్లో కనిపించింది. సైకిల్ నుంచి పడటం అరుదేమీ కాదు కాబట్టి ఇది పట్టించుకోవాల్సిన విషయం. మెనోపాజ్ దాటిన మహిళలకు మరీను. బరువులతో పాటు తాడాట, షటిల్, మెట్లెక్కడం లాంటివి, అంటే అడుగు నేలకు తాకి దెబ్బ పడేవి, ఈ నెలల్లో చేర్చుకోవచ్చు.

రక్త పరీక్ష, జ్వరాలు

రక్తం మోసుకెళ్లే ఆక్సిజన్‌పైనే అంతా ఆధారపడి ఉన్నప్పుడు హీమోగ్లోబిన్ ఎంతో తెలుసుకోకుండా ఇన్ని లెక్కలు వేయడం విడ్డూరం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం, పురుషుల్లో 25 శాతం రక్తహీనతతో ఉన్నారు. పరీక్షకు విరామకాలం మంచి సమయం కూడా. సాధన ముమ్మరంగా ఉన్నప్పుడు పెరిగిన ప్లాస్మా రక్తాన్ని పలచన చేయడంతో హీమోగ్లోబిన్ అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. ప్లాస్మా తగ్గిన విరామంలో ఆ గందరగోళం ఉండదు. శరీరంలోని ఇనుము నిల్వను చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష కూడా కలిపి చేయించుకుంటే మంచిది. లోపం ఉంటే ఇనుము మాత్రలు ఎన్నాళ్లు, ఎంత మోతాదులో అన్నది వైద్యులు చెప్పాలి. అవసరానికి మించిన ఇనుము హాని చేస్తుంది.

వానాకాలం డెంగీ, చికున్‌గున్యా, వైరల్ జ్వరాల కాలం కూడా. జ్వరం ఉండగా తీవ్ర సాధన వద్దు. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెప్పిస్తాయి, ఆ సమయంలో గట్టి శ్రమ ప్రాణం మీదకు తెస్తుంది. చికున్‌గున్యా కీళ్లనొప్పులు వారాలు, కొందరికి నెలలు లాగుతాయి. అలాంటివారు క్యాలెండర్‌ను పక్కనపెట్టి వైద్యుల సలహా ప్రకారం నడవాలి.

మళ్లీ రోడ్డెక్కాక

అక్టోబరులో రోడ్డు పిలుస్తుంది. ఎండ ఇంకా పూర్తిగా తగ్గదు. వేడికి శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ అలవాటు కొద్ది వారాల ఎడంలోనే చాలావరకు పోతుంది కాబట్టి వేసవిలో తొక్కిన అనుభవం ఇప్పుడు లెక్కకు రాదు. మొదటి రెండు వారాలు తెల్లవారుజామునే ముగించడం క్షేమం.

అసలు చిక్కు మోకాలిది. ప్లాస్మా రెండు వారాల్లో తిరిగొస్తుంది, నాడి దిగుతుంది, ఊపిరి ఆడుతుంది. గుండె సిద్ధమని చెబుతుంది. కానీ మోకాలిచిప్పను పట్టి ఉంచే స్నాయువులకు రక్తసరఫరా తక్కువ, అవి భారానికి తగ్గట్టు మారడానికి నెలలు తీసుకుంటాయి. విరామం తర్వాత నొప్పులు చాలావరకు మూడో నాలుగో వారంలో, అంతా బాగుందనిపించి దూరం ఒక్కసారిగా పెంచినప్పుడు మొదలవడానికి ఈ తేడాయే కారణం. వారానికి పది శాతం కంటే ఎక్కువ పెంచకూడదన్న సూత్రం ప్రచారంలో ఉంది. ఆ అంకెకు గట్టి ఆధారం లేదు. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారి మీద జరిపిన పరీక్షలో అది గాయాలను తగ్గించలేదు. పెంచే క్రమంలో మూడు వారాలకొకసారి ఒక వారం వెనక్కి తగ్గి, మోకాలు ఏం చెబుతోందో చూడటం అంకె కంటే నమ్మదగిన పద్ధతి. బరువైన గేరులో నెమ్మదిగా తోసే బదులు తేలిక గేరులో కాళ్లు చకచకా తిప్పితే ఒక్కో తోపులో మోకాలి మీద పడే ఒత్తిడి తగ్గుతుంది.

ఎంత తిరిగొచ్చిందో కొలుచుకోవాలనుకునేవారికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒకే దారి, ఒకే వేళ, ఒకే గేరు, ఒకే వేగం. ఇరవై నిమిషాలు తొక్కాక నాడి ఎంతో వారానికొకసారి ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. మొదటి రెండు వారాల్లో ఆ అంకె గబగబా దిగుతుంది, అది ఎక్కువగా రక్తంలో చేరిన నీటి పని. తర్వాత కొన్నాళ్లు కదలనట్టే ఉంటుంది. ఐదారు వారాలకు మళ్లీ మెల్లగా దిగడం మొదలైతే అందులో మైటోకాండ్రియా వాటా ఉన్నట్టే.